నాయనమ్మ ఓటు, సెల్మా వంతెన

అట్లాంటా,
ఆదివారం రాత్రి

నాన్నగారికి,

నమస్కారాలు. ఇక్కడ అందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? రోజూ కాసేపు నడవమని చెప్పండి.

సిటిజన్‌షిప్ ప్రమాణం అయిపోయిందని ఫోన్లో చెప్పినప్పుడు మీరు "అయితే ఇక అక్కడ ఓటు కూడా వచ్చినట్టేగా" అన్నారు. ఆ మాట నా మనసులోనే తిరుగుతూ ఉండిపోయింది. నిన్న కారులో మూడున్నర గంటలు ప్రయాణం చేసి, అలబామా రాష్ట్రంలో, ఓటు హక్కు కోసం నల్లజాతి వాళ్ళు పోరాడిన సెల్మా అనే ఊరు చూసి వచ్చాం. దాని గురించి ఫోన్లో చెప్పబోతే మాట రాలేదు. అందుకే రాస్తున్నాను.

ఇంటర్వ్యూ కోసం వంద ప్రశ్నలు బట్టీ పట్టాను కదా. అందులో ఒకటి, ఓటు హక్కు గురించి నాలుగు రాజ్యాంగ సవరణలున్నాయి, ఒకటి చెప్పండి అని. జాతి, రంగు చూసి మగవాళ్ళకి ఓటు కాదనకూడదు, 1870. ఆడవాళ్ళకీ ఓటు, 1920. ఓటు కోసం పన్ను కట్టమనకూడదు, 1964. పద్దెనిమిదేళ్ళకే ఓటు, 1971. కూర కలుపుతూ గడగడా అప్పజెప్పేదాన్ని. మొదటిదానికీ మూడోదానికీ మధ్య 94 ఏళ్ళు ఎందుకు పట్టిందని ఒక్కసారి కూడా ఆలోచించలేదు.

సెల్మా నుంచి బెంజమిన్ టర్నర్ అనే ఆయన 1870లోనే కాంగ్రెస్‌కి, అంటే ఇక్కడి పార్లమెంటుకి ఎన్నికయ్యాడు. బానిసగా పుట్టిన నల్లజాతి మనిషి. అంతర్యుద్ధం అయిపోయి అప్పటికి అయిదేళ్ళే. 1877 నాటికి, వాళ్ళ హక్కులకి కాపలాగా ఉన్న కేంద్ర సైన్యం దక్షిణాది రాష్ట్రాలను వదిలి వెళ్ళిపోయింది. 1901లో అలబామా కొత్త రాజ్యాంగం రాసుకుని, చదువు పరీక్షలు, ఓటు పన్ను పెట్టి నల్లజాతి వాళ్ళ ఓటు లాగేసుకుంది. 1965 వచ్చేసరికి సెల్మా ఉన్న కౌంటీలో (మన జిల్లా లాంటిది) ఓటు వయసున్న నల్లజాతి వాళ్ళు సుమారు 15 వేల మంది ఉంటే, జాబితాలో పేరున్నది మూడు వందల చిల్లర మందికి. కాలం గడిచేకొద్దీ అన్నీ వాటంతటవే బాగుపడతాయని నేను అనుకునేదాన్ని. ఇచ్చిన హక్కును తిరిగి లాక్కుని అన్నేళ్ళు తొక్కిపెట్టవచ్చని అక్కడే తెలిసింది.

మీకు తప్పకుండా చెప్పాల్సింది ఇంకోటి ఉంది. 1965 జనవరి 22న సెల్మాలో వంద మందికి పైగా నల్లజాతి టీచర్లు ఓటు హక్కు అడగడానికి కోర్టు మెట్ల దాకా నడిచారు. పిల్లలకి చదువు చెప్పేవాళ్ళనే చదువు పరీక్షలో ఫెయిల్ చేసేవారు! రాజ్యాంగంలో ఒక ముక్క ఇచ్చి అర్థం చెప్పమనేవారు. సరిగా చెప్పారా లేదా అని తేల్చేది ఓటర్ల నమోదు ఆఫీసువాళ్ళే. ఆ ఆఫీసులో పేర్లు రాసుకునేదే నెలకి రెండు రోజులు. జైల్లో పెడితే పెట్టనీ అని టీచర్లు టూత్‌బ్రష్‌లు వెంట తెచ్చుకున్నారు. ముందు నడిచింది ఫ్రెడరిక్ రీస్ అనే మాస్టారు. నాకు మీరే గుర్తొచ్చారు. ఎలక్షన్ డ్యూటీ అంటే మీరు బ్యాలెట్ పెట్టెలతో పడవెక్కి లంక ఊరికి వెళ్ళేవారు. పట్టుమని రెండొందల ఓట్ల కోసం రెండు రాత్రులు అక్కడి బడి అరుగు మీదే పడుకునేవారు.

సెల్మా వంతెన విల్లులా వంగి ఉంటుంది. ఇవతల నుంచి నడుస్తుంటే, మధ్యకి చేరేదాకా అవతల ఏముందో కనపడదు. ఆ ఏడాది మార్చి 7న ఓటు హక్కు కోసం ఊరేగింపుగా బయల్దేరిన ఆరు వందల మంది అలాగే ఎక్కారు. పైకి చేరాక చూస్తే కింద పోలీసులు బారులు తీరి ఉన్నారు. లాఠీలు, బాష్పవాయువు, గుర్రాలు. అందరికంటే ముందు నడిచిన జాన్ లూయిస్ అనే నాయకుడికి పాతికేళ్ళు, పుర్రె చిట్లింది. దేశమంతా టీవీలో చూసింది. ఆగస్టు 6న అధ్యక్షుడు జాన్సన్ సంతకంతో ఓటు హక్కుల చట్టం వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 3న అదే జాన్సన్ ఇంకో చట్టం మీద, వలసల చట్టం మీద సంతకం పెట్టాడు. అది మనకి సంబంధించింది. 1923లో భగత్ సింగ్ థింద్ అనే పంజాబీని, అమెరికా సైన్యంలో పనిచేసినవాణ్ణి, తెల్లవాడు కాదు కాబట్టి పౌరసత్వానికి అర్హుడు కాడని సుప్రీంకోర్టు తేల్చేసింది. 1946లో దయతలచి భారతదేశానికి ఇచ్చిన వలస కోటా ఏడాదికి వంద మంది. పుట్టిన దేశాన్ని బట్టి వాటాలు పంచే ఆ పాత పద్ధతిని 1965 చట్టం తీసేసింది. మన డాక్టర్లు, ఇంజినీర్లు ఇంతమంది రావడం ఆ తర్వాతే. చదువుకుని, కష్టపడి వచ్చామని మేమంతా గర్వపడతాం. నిజమే. కానీ రంగు చూసి మనుషుల్ని వేరు చేయడం తప్పని ఈ దేశం చేత ఒప్పించింది ఆ దెబ్బలు తిన్నవాళ్ళు. వాళ్ళ పిల్లల గురించే మన పార్టీల్లో "ఆ ఏరియాలో ఇల్లు కొనకండి, వాళ్ళు ఎక్కువ" అంటుంటారు. నేనూ ఇన్నేళ్ళు విని ఊరుకున్నాను. అది తలుచుకుంటే సిగ్గేస్తోంది. ఇక ఊరుకోను.

లూయిస్ తర్వాత మా అట్లాంటా నుంచే ముప్పై ఏళ్ళకి పైగా కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నాడు. 2020లో చనిపోయినప్పుడు ఆయన్ని గుర్రపు బండిలో అదే వంతెన దాటించారు. అవతలి వైపు అలబామా పోలీసులు సెల్యూట్ చేశారు. అలాగని అంతా చక్కబడిందనుకోకండి. 2013లో సుప్రీంకోర్టు ఆ ఓటు చట్టంలో గట్టి భాగాన్ని పనిచేయకుండా చేసింది. ఓటు నిబంధనలు మార్చే ముందు అలబామా లాంటి రాష్ట్రాలు ఇప్పుడు కేంద్రం అనుమతి తీసుకోనక్కర్లేదు.

వంతెన మీద నిలబడి బాబుకి నాయనమ్మ సంగతి చెప్పాను. అక్షరం ముక్క రాకపోయినా, ఎక్కడైనా వేలిముద్రే వేసినా, 1952లో ఎడ్లబండెక్కి వెళ్ళి కాంగ్రెస్ పార్టీ కాడెద్దుల గుర్తున్న పెట్టెనీ కమ్యూనిస్టుల కంకి కొడవలి గుర్తున్న పెట్టెనీ చూసి ఓటేసి వచ్చిందని. మన ప్రభుత్వం ఆవిడకి ఏ పరీక్షా పెట్టలేదని. వాడు వెంటనే "ఏ పెట్టెలో వేసింది?" అని అడిగాడు. నాకు తెలియదు. మీరు అప్పటికి పుట్టలేదు, కానీ పెద్దత్తయ్యకి గుర్తుండొచ్చు. ఈసారి గుడివాడ వెళ్ళినప్పుడు అడిగి రాయండి. ఏ ఊళ్ళో, ఏ బడిలో వేసిందో కూడా కనుక్కోండి.

నవంబరులో నా మొదటి ఓటు. బాబు కూడా వస్తానంటున్నాడు.

మీ అమ్మాయి