పోస్టు పెడితే వార్త, తీసేస్తే వార్త కాదా?

ఎడిటర్ గారికి నమస్కారం,

ఈ మధ్య పేపర్లో రాజకీయ వార్తలంటే 'ఎక్స్‌లో ఫలానా హీరో ఫైర్', 'ఫలానా యాంకర్ కౌంటర్' ఇవే కనిపిస్తా ఉన్నాయి. సినిమావాళ్ళు రాజకీయాలు మాట్లాడకూడదని నేననను, ఆన్‌లైన్లో పెట్టిన మాటలకి కేసులు పెట్టే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015లోనే కొట్టేసింది, మనకెంత హక్కో వాళ్ళకీ అంతే. మాట్లాడినాక ఆ మాట బాధ్యత ఎవరిదో అదే నాకు తెలీడం లేదు.

2024 సెప్టెంబర్లో తిరుమల లడ్డు నెయ్యిలో జంతువుల కొవ్వు కలిసిందని ఒక ల్యాబ్ రిపోర్టు చూపించి గొడవ జరిగింది కదా, మాకు బస్టాండ్ దగ్గర చిన్న అంగడుంది, కొండకి పొయ్యే బస్సు కోసం వచ్చినోళ్ళు ఫోన్ చూపించి 'ఏమ్మా, ఇది నిజమేనా, ఇంటికి లడ్డు తీసుకుపోవచ్చా' అని అడుగుతా ఉన్నారు. చూస్తే ఎవరో యాక్టర్ పోస్టు. ఒకాయన మహాపాపం అంటాడు, ఇంకొకాయన అంతా డ్రామా అంటాడు, ఇద్దర్లో ఒక్కరన్నా ఆ ల్యాబ్ కాగితం చదివినట్టు నాకైతే అనిపించలా. సుప్రీంకోర్టేమో అదే నెల 30న, కనీసం దేవుళ్ళనన్నా రాజకీయాలకి దూరంగా పెట్టండి అనింది, జులైలో వచ్చిన ఆ ల్యాబ్ రిపోర్టుని విచారణ తేలకముందే సెప్టెంబర్లో బయటపెట్టడం ఏందని రాష్ట్ర సర్కారునీ అడిగింది, అక్టోబర్ 4న సీబీఐ నుంచి ఇద్దరు, రాష్ట్ర పోలీసులు ఇద్దరు, తిండి పదార్థాల నాణ్యత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ నుంచి ఒకరు అని ఐదుగురితో సిట్ అనే ప్రత్యేక విచారణ బృందం వేసింది. జడ్జీలే విచారణ కావాలంటా ఉంటే మన సెలబ్రిటీలు అప్పటికే తీర్పు చెప్పేసి షూటింగులకి పోయినారు!

ఇంకోటి డబ్బు సంగతి. డబ్బులు తీసుకుని సబ్బు గురించి చెప్తే అది యాడ్ అని చెప్పాలని కేంద్రం 2023 జనవరిలో ఇచ్చిన గైడ్‌లైన్స్‌లో ఉంది. ఎలక్షన్లప్పుడు పార్టీలు సోషల్ మీడియాలో యాడ్ వేయాలంటే ముందే సర్టిఫికెట్ తీసుకోవాలని ఎలక్షన్ కమిషన్ 2013లోనే చెప్పింది. అదే మాట ఒక యాంకరమ్మ 'నా అభిప్రాయం' అని పెడితే ఎవరడుగుతారు? ఆమెకి ఆ పార్టీతో ఏం లావాదేవీ ఉందో, టికెట్ ఆశ ఉందో లేదో మనకెట్ల తెలుస్తుంది.

మనమూ తక్కువేం కాదులెండి. మా మరిది ఒకడున్నాడు, వాళ్ళ పార్టీ హీరో తిడితే దమ్ముంది అంటాడు, అవతలోడు అదే తిట్టు తిడితే పెయిడ్ బ్యాచ్ అంటాడు. తిట్టు ఒకటే కదరా అంటే కోపం వాడికి.

మిమ్మల్ని అడిగేది ఒకటే. సెలబ్రిటీ పోస్టు వేసేముందు ఆయనకి ఆ సంగతి ఎట్ల తెలిసిందో ఒక ఫోన్ కొట్టి అడగండి, చెప్పకపోతే చెప్పలేదని రాయండి. తర్వాత ఆయన గుట్టుగా డిలీట్ చేసినా, మార్చినా ఆ వార్త కూడా అదే పేజీలో అంతే సైజులో వేయండి, మొదటి పేజీ హెడ్డింగ్‌కి ఏడో పేజీ మూలన రెండు లైన్ల సవరణ వేస్తే ఎవరు చూస్తారు.

ఇట్లు,
ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి