శిబిరం నడిపేవాళ్లలోనూ వికలాంగులు ఉండాలి

సంపాదకులు గారికి నమస్కారం.

టీకాలు, క్షయ పరీక్షలు, షుగర్ బీపీ శిబిరాల వార్తలు మీ పేపర్లో తరచూ వస్తుంటాయి. వాటిలో వికలాంగులు ఎప్పుడైనా కనిపిస్తే సాయం అందుకుంటున్న ఫొటోలోనే. ఆ శిబిరాన్ని ప్లాన్ చేసినవాళ్లలో, ఇంటింటికీ తిరిగి వివరాలు రాసుకున్నవాళ్లలో ఒక్కరైనా ఎందుకు లేరని ఎవరూ అడగరు. అది అడగాలనే ఈ ఉత్తరం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 130 కోట్ల మందికి, అంటే ప్రతి ఆరుగురిలో ఒకరికి చెప్పుకోదగ్గ వైకల్యం ఉంది. వీళ్లలో కొందరు మిగతావాళ్లకంటే 20 ఏళ్ల దాకా ముందే చనిపోతున్నారని ఆ సంస్థ 2022లో ఇచ్చిన నివేదికలో ఉంది. వైకల్యం ఉంది కాబట్టి అంతే అని సరిపెట్టుకుంటాం, కానీ ఆస్పత్రి దాకా వెళ్లలేకపోవడం, వెళ్లినా పరీక్ష సరిగ్గా జరగకపోవడం, చేతిలో డబ్బు లేకపోవడం కూడా పెద్ద కారణాలే.

వీల్‌చెయిర్‌లో వచ్చిన మనిషి బరువు తూచే మిషన్ మీద నిలబడలేరు, దాంతో రిజిస్టర్లో ఆ గడి ఖాళీగా వదిలేస్తారు, లేదంటే "ఎంత ఉంటారండీ" అని అడిగి ఆ అంకె రాసేస్తారు. క్షయ మందుల డోసు బరువును బట్టే ఇస్తారు మరి! వినపడనివాళ్లయితే పేరు పిలిచిన సంగతి తెలియక బెంచీ మీదే ఉండిపోతారు, తీరా లోపలికి వెళ్తే డాక్టరు మాట్లాడేది పక్కనున్న అమ్మతోనో అన్నతోనో. హెచ్ఐవీ పరీక్ష గురించి, గర్భం గురించి ఇంట్లోవాళ్ల ద్వారా చెప్పుకోవాల్సి వస్తే ఎవరు మాత్రం ఉన్నదున్నట్టు చెప్పగలరు? ఇవేవీ కావాలని చేసేవి కావు, తట్టక జరిగేవి. టీమ్‌లో వినపడని మనిషి ఒక్కరున్నా, పేరు పిలిస్తే చాలదు, నంబరు కనపడేలా బోర్డు పెట్టండి, సైగల భాష తెలిసినవాళ్లను పిలవండి అని మొదటి మీటింగ్‌లోనే చెప్పి ఉండేవారు.

సర్వేల సంగతీ అంతే. "మీ ఇంట్లో వికలాంగులున్నారా?" అని అడిగితే మొహమాటంతోనో, వయసు మీదపడ్డాక చూపు తగ్గడం మామూలే కదా అనుకునో చాలామంది లేరనేస్తారు. వైకల్యం లెక్కలు సరిగ్గా తీయడం కోసం ఐక్యరాజ్యసమితి కింద ఏర్పడిన వాషింగ్టన్ గ్రూప్ అనే నిపుణుల బృందం తయారు చేసిన ఆరు ప్రశ్నల్లో వైకల్యం అన్న మాటే రాదు. చూడటం, వినడం, నడవడం, గుర్తుపెట్టుకోవడం, స్నానం బట్టల్లాంటి సొంత పనులు చేసుకోవడం, ఎదుటివాళ్లకు అర్థమయ్యేలా చెప్పడం, వీటిలో కొంచెం ఇబ్బందా, చాలా ఇబ్బందా, అసలు చేయలేరా అని అడుగుతారు. ఏ ఆరోగ్య సర్వేలోనైనా చేర్చొచ్చు, పెద్ద ఖర్చూ లేదు. ఆ ప్రశ్నలు అడిగే ఉద్యోగం వికలాంగులకే ఇస్తే ఇంకా మంచిది, తమలాంటి మనిషి ఎదురుగా కూర్చుంటే జవాబిచ్చేవాళ్లకు సంకోచం తగ్గుతుంది.

తమకు సంబంధించిన నిర్ణయాల్లో వికలాంగులను సంప్రదించి తీరాలని 2006 నాటి ఐక్యరాజ్యసమితి వికలాంగుల హక్కుల ఒప్పందం 4వ అధికరణంలోనే ఉంది. సంప్రదించడమంటే అంతా అయ్యాక సంతకం పెట్టించుకోవడం కాదు, బడ్జెట్ వేసే రోజు నుంచే కూర్చోబెట్టుకోవడం. అదీ ఉచిత సేవగా కాదు, అందరితో సమానంగా జీతమిచ్చి.

మీకూ ఒక మనవి. ఈసారి ఏ ఆరోగ్య కార్యక్రమం గురించి రాసినా, అందులో పనిచేసే వికలాంగులు ఎంతమందో అధికారులను అడిగి ఆ అంకె కూడా వేయండి, సున్నా అయితే సున్నా అనే వేయండి.

ఇట్లు,
మీ పాఠకురాలు