పన్నెండేళ్ల పాఠకులకు ఒక మూల కావాలి

గ్రంథాలయ శాఖ సంచాలకుల గారికి,

నమస్కారం. నేను పిల్లల విభాగంలో లైబ్రేరియన్‌ని. నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది పదేళ్లు దాటినవాళ్లే. బొమ్మల పుస్తకాల గదిలో ఉన్న బుల్లి కుర్చీల్లో వాళ్ల మోకాళ్లు పట్టవు. పెద్దల హాల్లోకి వెళ్లి కాస్త నవ్వితే చాలు, ‘ష్’ అంటారు.

మొన్న ఒకమ్మాయి అట్లాసు తెరిచి గంటసేపు కదలకుండా కూర్చుంది. పక్కనుంచి వెళ్తుంటే కనిపించింది, అట్లాసు మధ్యలో 612 నంబరు పుస్తకం (మా వర్గీకరణలో మనిషి శరీరం గురించిన పుస్తకాల నంబరు అది). ఈ వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించినది. ఇంటికి తీసుకెళ్లాలంటే కౌంటర్లో అందరి ముందూ పేరు రాయించుకోవాలి, అదీ భయం. చూడనట్టే పక్క ర్యాకు సర్దుకున్నాను. ఆమె వెళ్లాక చూస్తే ఒక పేజీ మూల మడిచి ఉంది, మళ్లీ వస్తానన్నట్టు.

మన దేశంలో గ్రంథాలయ శాస్త్రానికి ఆద్యుడైన ఎస్.ఆర్. రంగనాథన్ గారు 1931లోనే ‘ప్రతి పాఠకుడికీ తన పుస్తకం’ అని సూత్రం రాశారు. ఆ పుస్తకం మా దగ్గర ఉంది, ఆమెకు మాత్రం అందడం లేదు. ఎవరికివారు ఇష్యూ చేసుకునే మెషీన్ ఒకటి ఇప్పించండి.

కామిక్స్ చదువు కాదని జాబితాలోంచి కొట్టేయకండి. కామిక్స్ పెట్టే మా 741.5 నంబరు ర్యాకు ఎప్పుడూ ఖాళీయే, అన్నీ పిల్లల చేతుల్లోనే ఉంటాయి. కొనుగోలు కమిటీలో ఇద్దరు పిల్లల్ని కూర్చోబెట్టండి. వాళ్లతో మాట్లాడి జాబితా నేను పంపిస్తాను.

ఇట్లు,
ఒక లైబ్రేరియన్