మీ నూనె ఎందుకు ఆలస్యమైందంటే

పోయిన పదిహేను రోజుల్లో నూనె అందలేదని ఫోన్ చేసినవాళ్ళందరికీ "బండి రిపేరులో ఉందండీ" అని చెప్పాను. అది సగం నిజమే. మిగతా సగం ఏమిటంటే, ఆ రిపేరు చేస్తున్నది నేనే.

మన గానుగ నూనె డబ్బాలు తెనాలి వీధుల్లోనూ, అటు అంగలకుదురు, కొలకలూరు దాకానూ మోసేది నా పాత స్ప్లెండర్. సంక్రాంతి నుంచీ నీలం పొగ వదులుతోంది, ఇంజినాయిల్ ఎంత పోసినా తాగేస్తోంది. నూనె అమ్మేవాడి బండే నూనె తాగుతోందేమిటని కొత్తపేటలో ఒక పిన్నిగారు నవ్వారు కూడా. మెకానిక్ హాఫ్ ఇంజిన్ పని చెయ్యాలన్నాడు, అంటే ఇంజిన్ పైసగం విప్పి బాగుచెయ్యడం. గానుగ మోటారు నేనే విప్పి బిగిస్తుంటాను కదా, ఇదెంత అనుకున్నాను.

ఇంజిన్ పైమూత, అదే హెడ్, దించి, పిస్టన్ ఆడే గొట్టం, అదే బోరు, లాగడం ఒక్క ఆదివారంలో అయిపోయింది. పిస్టన్ నెత్తిన మసి పెచ్చులు కట్టి, అట్ల పెనం అడుగులా ఉంది. తప్పు అక్కడే చేశాను. డబ్బు మిగులుతుందని పిస్టన్ చుట్టూ ఉండే రింగులు మాత్రమే కొత్తవి వేసి బిగించేశాను. స్టార్టయింది. పొగా వచ్చింది. మళ్ళీ విప్పి, బోరు సంచిలో వేసుకుని రైల్లో విజయవాడ ఆటోనగర్ వెళ్ళాను. లేత్ షాపు పెద్దాయన గేజ్ పెట్టి చూసి, "బోరు కోడిగుడ్డులా అరిగింది బాబూ. గుండ్రటి రింగు ఇందులో ఎట్లా కూర్చుంటుంది?" అన్నాడు. అర మిల్లీమీటరు పెద్ద పిస్టన్ కొనిపించి, 50 మిల్లీమీటర్ల బోరుని దానికి తగ్గట్టు కోసిచ్చాడు.

ఇంటికొచ్చాక ఇంకో ముచ్చట. పిస్టన్ పిన్ను జారకుండా పట్టే లాక్ ఒకటుంటుంది, సన్నటి తీగ రింగు. బిగిస్తుంటే చేతిలోంచి ఎగిరి ఇంజిన్ లోపల పడింది. కింద గుడ్డ కుక్కాలని తెలుసు, కుక్కలేదు. రాత్రి పదకొండింటికి మా ఆవిడ ఫోన్ లైటు పట్టుకుంటే, పాత ఇయర్‌ఫోన్‌లోని చిన్న అయస్కాంతాన్ని చీపురుపుల్లకి కట్టి వెతికాను. అది పోయి పోయి లోపల తిరిగే ఇనప క్రాంకుకే అంటుకుంటోంది. "పొద్దున మెకానిక్‌ని పిలుద్దామండీ" అని ఆవిడ మూడోసారి అంటుండగా దొరికింది. వంగిపోయింది, కొత్తది వేశాను.

మీలో కొందరు అడుగుతారని ముందే చెబుతున్నాను. ఇంజిన్ భాగాల్ని డీజిల్‌తో కడగడాలన్నీ పెరట్లో రేకుల కింద. గానుగ గది వేరు. ఈ రోజుల్లో నూనె ఆడించింది, డబ్బాలు నింపింది మా ఆవిడే. ఆ చేతులతో నన్ను గడప తొక్కనివ్వలేదు.

ఇప్పుడు పొగ లేదు. వాల్వుల దగ్గర ట్యాపెట్ చప్పుడు మాత్రం కొంచెం ఉంది, అది మెకానిక్‌కే అప్పగిస్తాను. రింగులు, అతుకుల మధ్య వేసే గ్యాస్కెట్లు రెండేసిసార్లు కొన్నాను కాబట్టి అతను అడిగిన దానికంటే ఎక్కువే ఖర్చయింది. అది నూనె ధర మీద వెయ్యను.

కొత్త పిస్టన్ కుదురుకునేదాకా, అంటే మొదటి 500 కిలోమీటర్లు, బరువు వెయ్యకుండా నెమ్మదిగా తోలాలి. ఇదివరకు ఒక్క ట్రిప్పులో ఆరు డబ్బాలు తెచ్చేవాణ్ణి, ఇప్పుడు రెండే. ముందుగా డబ్బు కట్టినవాళ్ళకి ఈ వారమే ఇస్తాను. ఊళ్ళవైపు మంగళ, శుక్రవారాలే వస్తాను. అంతవరకూ ఆగలేనివాళ్ళు ఫోన్ చేస్తే డబ్బు వెనక్కి పంపుతాను. నువ్వుల నూనె సిద్ధంగా ఉంది, వేరుశనగ శనివారం ఆడిస్తాం. ఖాళీ డబ్బాలు కడిగి, ఆరబెట్టి ఉంచండి.