తొలకరి రాళ్ళు: మా కొట్లో ఏం చూస్తాం, ఏం చూడం

తొలకరి పడింది. కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, పగిడిరాయి చేలల్లో వజ్రాల వెతుకులాట మొదలైతే, గుంతకల్లులోని మా నగల కొట్టుకు రాళ్ళ పొట్లాలు రావడమూ మొదలవుతుంది. రద్దీ పెరగకముందే కొన్ని సంగతులు చెప్పేస్తున్నాను.

దయచేసి రాయిని ఇంట్లో గీసి, కొట్టి తేకండి. "అన్నా, అద్దం మీద గీత పడింది, వజ్రమే" అంటారు చాలామంది. రాళ్ళ గట్టిదనం చెప్పే మోస్ కొలతలో అద్దానిది సుమారు 5.5, పలుగురాయిది 7. చేలల్లో దొరికే తెల్లరాళ్ళలో ఎక్కువ పలుగురాళ్ళే. అవన్నీ అద్దాన్ని గీస్తాయి. సుత్తి పరీక్ష ఇంకా ఘోరం. వజ్రం గీతకు లొంగదు కానీ దెబ్బకు చీలిపోతుంది. నిజంగా దొరికినదాన్ని చేతులారా పాడు చేసుకోవడమే.

తళతళ మెరిసే రాయి తెచ్చి ఆశపడేవాళ్ళను చూస్తే నాకే బాధ. ఆ తళుకు సానపట్టాక వచ్చేది. పచ్చి వజ్రం నూనె రాసినట్టు జిడ్డు మెరుపుతో ఉంటుంది, అంచులు కాస్త గుండ్రంగా అరిగి ఉంటాయి. భూతద్దంలో దాని ముఖాల మీద చిన్న చిన్న త్రిభుజపు గుంటలు కనిపిస్తే మాత్రం నేను కూడా కుర్చీలో సర్దుకుని కూర్చుంటాను. పలుగు స్ఫటికానికి ఆరు పలకలు, వాటి మీద అడ్డగీతలు ఉంటాయి. లోపల గుండ్రటి గాలిబుడగలు కనబడితే అది గాజు. పాత సోడాసీసా ముక్కలు కూడా దుక్కిలో అరిగి అరిగి భలే మోసం చేస్తాయి.

తర్వాత కాటా. రాయిని దారంతో కట్టి ముందు గాలిలో, తర్వాత నీళ్ళలో ముంచి తూస్తాం. 10 క్యారెట్ల వజ్రం నీళ్ళలో సుమారు 7.2 తూగుతుంది, పలుగురాయి 6.2 దగ్గర ఆగుతుంది. పుష్యరాగం (టోపాజ్) మాత్రం వజ్రంతో సమానంగా తూగి టెన్షన్ పెడుతుంది. అందుకే కాటా ఒక్కటే నమ్మి ఏదీ తేల్చి చెప్పం.

వేడిని బట్టి పలికే టెస్టర్ మా దగ్గర ఉంది. పుష్యరాగానికి, పలుగురాయికి, గాజుకు అది పలకదు, కానీ మోయిసనైట్‌కూ వజ్రమనే పలుకుతుంది. మోయిసనైట్ అంటే ల్యాబ్‌లో తయారుచేసి అమ్మే వజ్రంలాంటి రాయి, చేలల్లో దొరికేది కాదు. అందుకే మీ రాయి చేలో దొరికింది కాక ఎవరో అమ్మినదైతే, ఆ సంగతి ముందే చెప్పండి.

భూతద్దంలో చూడటానికి డబ్బు తీసుకోం. కాటా, టెస్టర్ కలిపి రాయికి వంద రూపాయలు. అనుమానం మిగిలితే ల్యాబ్‌కు వెళ్ళమంటాం, మా మాటను సర్టిఫికెట్ అనుకోవద్దు. పచ్చిరాళ్ళు మేం కొనం, కొనేవాళ్ళను చూపించం. మట్టి కడిగి తీసుకురండి. మంగళవారం కొట్టుకు సెలవు.