98 మార్కుల థీమ్‌కి మా షాపులో 31 ఎందుకొచ్చింది?

బ్రాడీపేట, గుంటూరు
మే 12

ఫిర్యాదుల పరిష్కార అధికారి గారికి,

విషయం: వేగంగా తెరుచుకుంటుందని అమ్మిన ఆన్‌లైన్ షాపు థీమ్ (షాపు పేజీలకు రెడీమేడ్ డిజైన్) నత్తనడక నడవడం, డబ్బు వాపసు ఇవ్వననడం గురించి ఫిర్యాదు.

అయ్యా / అమ్మా,

మీ పేరుతో సంబోధిద్దామని మీ సైటంతా వెతికాను, దొరకలేదు. ఫిర్యాదుల అధికారి పేరు, హోదా, సంప్రదించే వివరాలు సైట్లో కనబడేలా పెట్టాలని 2020 ఈ-కామర్స్ నిబంధనలు చెబుతున్నాయి. మీ సైట్లో చాట్ బొమ్మ తప్ప మనిషి పేరు లేదు. అందుకే హోదాకే రాస్తున్నాను.

మాది ఇంటి పచ్చళ్ళ వ్యాపారం. మా అత్తగారు కలుపుతారు, నేను అమ్ముతాను. ఇంటిల్లిపాదికీ ఇదే ఆధారం. ఉగాదికి వారం ముందు మీ దగ్గర రూ.4,999 పెట్టి సైటు నడిపే వర్డ్‌ప్రెస్, దానికి షాపును జోడించే వూకామర్స్‌లకు పనికొచ్చే థీమ్ కొన్నాను. మా దగ్గర కొనేవాళ్ళు ముప్పాతిక మంది వాట్సాప్‌లో లింకు నొక్కి ఫోన్లోనే వస్తారు. పేజీ తెరుచుకునేలోపు ఇంకో మెసేజ్ వచ్చిందా, అటు వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. అందుకే హంగులన్నీ పక్కనపెట్టి వేగం ఒక్కటే చూశాను. మీ ప్రకటనలో పెద్ద పచ్చ వృత్తం, మధ్యలో 98. పేజీ వేగానికి నూటికి మార్కులు వేసే గూగుల్ పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్‌లో వచ్చిన మార్కు అని కింద రాశారు. నేను కొన్నది ఆ వృత్తాన్నే అనుకోండి.

ఏప్రిల్ రెండో వారంలో ఆవకాయ బుకింగులు తెరిచాం. మూడో రోజునే పిడుగురాళ్ళ నుంచి ఒక పెద్దావిడ ఫోన్ చేశారు. ఏటా నాలుగు కిలోలు తీసుకుంటారు. “నొక్కితే గుండ్రంగా తిరుగుతానే ఉందమ్మా, నువ్వే రాసుకో” అన్నారు. రాసుకున్నాను. ఆ వారంలో అలా పద్దెనిమిది మందికి రాసుకున్నాను. చేత్తో రాసుకోవడానికైతే పట్నంబజార్లో నలభై రూపాయలకు నోటుబుక్కు దొరుకుతుంది కదా!

ఇంతకంటే పెద్ద తలనొప్పి గోంగూరతో వచ్చింది. నరసరావుపేట అబ్బాయి ఒకరు పావుకిలో అని ఉన్నచోట నొక్కబోయారు. సరిగ్గా అప్పుడే పైన మీ థీమ్‌లోని ‘ఆఫర్’ పట్టీ ఆలస్యంగా ఊడిపడింది, పేజీ మొత్తం ఒక వరస కిందికి జారింది, ఆయన వేలు కిలో మీద పడింది. ఆయన చూసుకోలేదు, మేమూ చూసుకోలేదు, కిలో పంపించేశాం. పచ్చడి వెనక్కి తీసుకుని ఇంకొకరికి అమ్మలేం కదా. ముప్పావు కిలో డబ్బులు మేమే వదులుకున్నాం. ఇలా పేజీ జారడాన్ని కొలిచే లెక్క గూగుల్ దగ్గర ఉంది, సీఎల్ఎస్ అంటారు. అది 0.1 దాటకూడదు. మా పేజీలో 0.34 వచ్చింది.

మీ సపోర్ట్ వాళ్ళు ఇచ్చిన మొదటి జవాబు: “మీ ఫొటోలు బరువుగా ఉన్నాయి.” ఇందులో కొంత నిజముంది, ఒప్పుకుంటాను. ఫోన్లో తీసిన మూడేసి ఎంబీల ఫొటోలు అలాగే పెట్టాను. ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కొడుకు రెండు రాత్రులు కూర్చుని 62 పచ్చళ్ళ, పొడుల ఫొటోలన్నీ వెబ్‌పీ అనే తేలికపాటి ఫొటో రకంలోకి మార్చాడు. ఇప్పుడు ఒక్కటీ 100 కేబీ దాటదు. మార్కు 26 నుంచి 31కి వచ్చింది. అంతే.

రెండో జవాబు: “హోస్టింగ్ మార్చండి.” అంటే సైటును ఉంచిన సర్వరును మార్చమని. మార్చే ముందు మావాడు ఒక పరీక్ష చేశాడు. మా షాపుకు అదే హోస్టింగ్‌లో ఒక నకలు తయారుచేసి, మీ థీమ్ తీసి, వూకామర్స్ వాళ్ళే ఉచితంగా ఇచ్చే స్టోర్‌ఫ్రంట్ అనే థీమ్ పెట్టాడు. అవే ఫొటోలు, అదే సర్వరు, అవే 62 వస్తువులు. ఒకసారి కొలిస్తే ఒక మార్కు, ఇంకోసారి కొలిస్తే ఇంకో మార్కు వస్తుందట, అందుకని ఒక్కోదాన్ని మూడేసి సార్లు కొలిచి మధ్యది తీసుకున్నాడు. గోంగూర పేజీకి మొబైల్లో మీ థీమ్‌తో 31, స్టోర్‌ఫ్రంట్‌తో 84. పేజీలో పెద్ద బొమ్మ కనబడటానికి పట్టే సమయం, అదే ఎల్‌సీపీ, మీతో 8.6 సెకన్లు, దాంతో 2.7. గూగుల్ బాగుందనేది 2.5 సెకన్లలోపు ఉంటేనే, 4 దాటితే బాగోలేదనే లెక్క. పేజీ బరువు మీది 4.8 ఎంబీ, దానిది 1 ఎంబీలోపే. స్టోర్‌ఫ్రంట్ చూడ్డానికి బోడిగా ఉంటుంది, నిజమే. కానీ దానికి ఒక్క రూపాయి కూడా కట్టలేదు.

మరి మీ 98 సంగతేమిటి? ప్రకటనలో బొమ్మను పెద్దది చేసి చూస్తే తెలిసింది, అది ‘డెస్క్‌టాప్’ ట్యాబ్ మార్కు. పేజ్‌స్పీడ్‌లో మొబైల్‌కి వేరే మార్కు ఉంటుంది. దానికి ఓ మోస్తరు ఫోన్‌ను, నిదానమైన 4జీని ఊహించి కొలుస్తారు. మా ఊళ్ళవాళ్ళ ఫోన్లు అవే. పోనీ అనుకుని మీరు నమూనాగా చూపించే డెమో షాపు హోమ్ పేజీనే మొబైల్లో కొలిచాం, 71. దాంట్లోనే వస్తువు పేజీ కొలిచాం, 44. ఆ డెమో హోమ్ పేజీలో ఉన్నది ఒక బొమ్మ, నాలుగు మాటలు. బేరం జరిగేది వస్తువు పేజీలో. మిర్చియార్డులో ఎవరైనా బస్తా మూతి దగ్గరి కాయలు చూసి ధర ఒప్పుకుంటారా? లోపలికి చెయ్యి పెట్టి తీసి చూస్తారు. థీమ్ కొనేముందు ఆ పని చెయ్యకపోవడం నా తప్పే. కానీ మూతి దగ్గర మాత్రమే మంచి కాయలు పేర్చడం మీ తప్పు.

లోపల ఏమున్నాయో కూడా రాస్తాను, మీ టెక్నికల్ వాళ్ళు ఖండించదలిస్తే ఖండించవచ్చు. మా షాపు హోమ్ పేజీలో మూడు పెద్ద బొమ్మలు మారే స్లైడర్ ఉంది. ‘మొబైల్‌లో దాచు’ అని మీట ఉంటే నొక్కాను. కంటికి కనబడటం మానేసింది గానీ బొమ్మలు మూడూ ఫోన్లోకి దిగుతూనే ఉన్నాయి. గోనెపట్టా కప్పితే బస్తా బరువు తగ్గదు కదండీ. వస్తువు పేజీలో అన్నింటికంటే ముందు కనబడాల్సిన ఫొటోకు కూడా ‘లేజీ లోడింగ్’ (దగ్గరికి వచ్చేదాకా ఫొటోను తెప్పించని పద్ధతి) తగిలించారు. అది కింద ఎక్కడో ఉన్న ఫొటోలకు పెట్టాల్సింది, పై ఫొటోకు పెడితే ఇంకా ఆలస్యమే. బుట్ట, భూతద్దం, గుండె, ఫోన్ అనే నాలుగు గుర్తుల కోసం వందల గుర్తులున్న ఫాంట్ ఫైలు మొత్తం తెప్పిస్తున్నారు.

ఆరు ఇంగ్లిష్ ఫాంట్ ఫైళ్ళు దిగుతాయి, తెలుగుకు ఒక్కటీ లేదు. పైగా వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్ అక్షరాల కొలతకే పెట్టారు. బటన్ల మీద ‘పచ్చళ్ళు’ అంటే కింది ఒత్తులు సగం తెగిపోయి కనబడతాయి. మా అత్తగారు చూసి, “ఇదేం రాతే, చ కింద చ ఏది?” అన్నారు. సెట్టింగులన్నీ వెతికినా అది మార్చే చోటు లేదు. ‘భారతీయ భాషలకు సిద్ధం’ అని మాత్రం ప్రకటనలో ఉంది.

మూడో జవాబుకు నాకు నిజంగా ఒళ్ళు మండింది. “మా స్పీడ్ యాడ్-ఆన్ కొనండి, రూ.2,499.” వేగంగా ఉంటుందని అమ్మిన థీమ్‌కు వేగం విడిగా అమ్ముతారా? ఇడ్లీ తిన్నాక చట్నీకి వేరే బిల్లు వేసినట్టుంది.

ఇంకొకటి. థీమ్ పెట్టిన రోజు నుంచీ మూలన ఒక పెట్టె లేచి “ముంబయి నుంచి ఒకరు ఇప్పుడే కొన్నారు”, “ఇంకా 3 సీసాలే మిగిలాయి” అని చెబుతోంది. ఆ రోజుకు మేం ముంబయికి ఒక్క సీసా పంపలేదు. మూడు మిగిలాయన్న పచ్చడి జాడీ నిండా ఉంది. మేం ఆన్ చెయ్యకుండానే అది ఆన్ అయి వచ్చింది. ఇలాంటి దొంగ తొందర పెట్టడాన్ని 2023లో కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాల్లో 13 రకాల మోసపు పద్ధతుల్లో ఒకటిగా చేర్చారు. రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే మాట పడేది మేము. పేజీని నిదానం చేసే వాటిలో ఆ పెట్టెను నడిపే ప్రోగ్రాం కూడా ఒకటి. అబద్ధం చెప్పడానికి కూడా కస్టమర్ ఫోన్ డేటానే ఖర్చవుతోంది.

కొన్నప్పుడు మీ పేజీలో ‘30 రోజుల్లో డబ్బు వాపసు’ అని ఉంది. నేను మొదటి ఫిర్యాదు పెట్టింది 22వ రోజు. కాష్ క్లియర్ చెయ్యండి, ఫొటోలు తగ్గించండి, స్క్రీన్‌షాట్ పంపండి అంటూ మీరే పదకొండు రోజులు సాగదీసి, తర్వాత “గడువు దాటింది” అన్నారు. ఆ పైన “వ్యాపారం కోసం కొన్నారు కాబట్టి మీరు వినియోగదారు కారు” అని కూడా రాశారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 2(7) వివరణ చదవండి. స్వయం ఉపాధితో బతకడానికి మాత్రమే కొని, తామే వాడుకునేవాళ్ళ కొనుగోలును వాణిజ్య అవసరంగా లెక్కించరు. అత్తాకోడళ్ళు ఇద్దరం, సీజన్లో వచ్చే ఇద్దరు ఆడవాళ్ళు, అంతే మా సంస్థ.

నేను అడుగుతున్నవి ఇవి. నా రూ.4,999 వాపసు ఇవ్వాలి. ప్రకటనలో 98 పక్కన అది డెస్క్‌టాప్ మార్కని అందరికీ కనబడేంత పెద్ద అక్షరాల్లో రాయాలి, లేదా మొబైల్ వస్తువు పేజీ మార్కే వెయ్యాలి. ఆ దొంగ పెట్టె ఆఫ్ అయి రావాలి, కావాలన్నవాళ్ళే ఆన్ చేసుకుంటారు. ఒత్తుల సంగతి సరిచేస్తే నాకు ఇక ఉపయోగం లేకపోయినా, నా తర్వాత కొనే తెలుగువాళ్ళకు పనికొస్తుంది. పోయిన ఆర్డర్లకు నష్టపరిహారం అడగడం లేదు. ఎన్ని పోయాయో రుజువు చెయ్యలేను కాబట్టి.

ఈ లేఖ అందినట్టు 48 గంటల్లో తెలియజేయాలి, నెలలోపు పరిష్కరించాలి. రెండూ ఆ ఈ-కామర్స్ నిబంధనల్లో ఉన్నవే. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చెప్పి, గుంటూరు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తాను. మీ ఆఫీసు ఎక్కడున్నా నేనుండే జిల్లాలోనే వెయ్యొచ్చు, ఈ మొత్తానికి ఫీజు కూడా లేదు.

రసీదు, మీ ప్రకటన స్క్రీన్‌షాట్, రెండు థీమ్‌ల పరీక్ష ఫలితాలు, మీ సపోర్ట్‌తో జరిగిన సంభాషణ మొత్తం జతచేస్తున్నాను. షాపు ప్రస్తుతం స్టోర్‌ఫ్రంట్‌తో నడుస్తోంది. ఫోన్ చెయ్యాలంటే సాయంత్రం నాలుగు తర్వాత చెయ్యండి, ఈ నెలంతా పొద్దున పూట ముక్కలు కొట్టించే పనిలో ఉంటాం.

ఇట్లు,
ఇంటి పచ్చళ్ళ దుకాణం యజమానురాలు