కార్యదర్శి వార్షిక నివేదిక: కోలుకున్నవారి మాటలతో మారిన మన ఐసీయూ పని

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గానికి, సభ్యులందరికీ నమస్కారం. మన నర్సుల సంఘం ఆశయాలు మీకు తెలిసినవే కనుక నేరుగా ఈ ఏటి పనిలోకి వస్తున్నాను.

మే 12న అంతర్జాతీయ నర్సుల దినోత్సవ సభలో, ఎప్పటిలా ప్రసంగాలకు బదులు, వెంటిలేటర్ మీద ఉండి కోలుకుని ఇళ్లకు వెళ్లినవారికి వేదిక ఇవ్వడం మనం గర్వించదగిన విషయం. గొంతులో ట్యూబు వల్ల మాట రాక, దాహమని చేయి నోటిదాకా తెచ్చిన ప్రతిసారీ ట్యూబు పీకేసుకుంటారేమోనని తన చేతులు మంచానికి కట్టేశారని, పోలీసులు పట్టుకున్నారనే భ్రమలోనే ఆ రోజులన్నీ గడిపానని ఒక పెద్దావిడ చెప్పారు. సక్షన్ చేసినప్పుడల్లా బావిలో ముంచుతున్నారనుకున్న ఒక రైతుకు, "పెద్దాయనా, కఫం తీస్తున్నాం, దగ్గొస్తుంది, ఒక్క నిమిషం ఓర్చుకోండి" అని ముందుగా చెప్పిన నైట్ డ్యూటీ సిస్టర్ గొంతు ఇప్పటికీ గుర్తుంది. 'రోగి అశాంతిగా ఉన్నారు' అని మనం చార్టులో రాసే మాట వెనక ఇంత ఉంది.

ఆ సభ తర్వాత మన సభ్యులు చేతులు కట్టాలనే ఆలోచనకు ముందు నొప్పి, దాహం, కఫం, మూత్రం బొమ్మలున్న అట్ట చూపి అడుగుతున్నారు. తడి గాజుగుడ్డతో నోరు తుడుస్తున్నారు. షిఫ్టుకొకసారి డెలీరియం, అంటే జబ్బు తీవ్రతలో కలిగే అయోమయం, భ్రమలు ఉన్నాయేమోనని పరీక్ష చేస్తున్నారు. స్పృహ లేదనిపించినా 'అమ్మా', 'పెద్దాయనా' అని వరుస కలిపి పిలిచి, చేయబోయేది చెబుతున్నారు.

మంచం పక్కన నర్సులు, బంధువులు ఏ రోజు ఏం జరిగిందో రాసే పుస్తకం స్కాండినేవియా దేశాల్లో దశాబ్దాలుగా ఉంది. పీడకలేదో, జరిగిందేదో రోగి తర్వాత తేల్చుకోవడానికి అది ఆధారం. బ్రిటన్‌లో 2005లో కోలుకున్న రోగులు, బంధువులు, సిబ్బంది కలిసి, ఐసీయూ రోగులకు, వారి కుటుంబాలకు తోడ్పడే ఐసీయూస్టెప్స్ సంస్థనే స్థాపించుకున్నారు. ఇక్కడ మాత్రం ఆ పుస్తకం రేపు కోర్టులో సాక్ష్యమవుతుందంటూ ఒక ఆసుపత్రి యాజమాన్యం అనుమతి నిరాకరించింది; మన వినతిపత్రాలకు అధికారుల నుంచి జవాబు లేదు.

డిశ్చార్జయినవారికి ఫోన్ చేస్తామని పేర్లిచ్చినవారిలో చాలామంది తొలి నెల దాటాక కనిపించలేదు. డ్యూటీల భారం నాకు తెలియనిది కాదు. కానీ నిద్రలేమి, కండరాల నీరసం, మతిమరుపు, భయం వంటి, 2012 నుంచి పోస్ట్ ఇంటెన్సివ్ కేర్ సిండ్రోమ్‌గా వ్యవహరిస్తున్న బాధలు చాలాసార్లు ఇంటికెళ్లాకే బయటపడతాయి, మనం అడిగితేనే తెలుస్తాయి.

జమాఖర్చుల ఆడిట్ పూర్తయింది. కోశాధికారి పత్రాన్ని ఆమోదించగలరు.

హాలు ఉచితంగా ఇచ్చినవారికి, భోజనాలు చూసిన సోదరీమణులకు, ఫిజియోథెరపిస్టులకు, వార్డు ఆయాలకు, ఓపిక లేకపోయినా బస్సెక్కి వచ్చి మాట్లాడినవారికి సంఘం తరఫున కృతజ్ఞతలు. ఫోన్ బాధ్యతకు కొత్త జాబితా సంతకాల పుస్తకం పక్కనే ఉంది. నిజంగా చేయగలిగినవారు ఈరోజే పేరు రాయవలసిందిగా కోరుతున్నాను.